మేఘనాద్ సాహా

మేఘనాద్ సాహా (అక్టోబరు 6, 1893 - ఫిబ్రవరి 16, 1956) ప్రముఖ భారతీయ ఖగోళ భౌతిక శాస్త్రవేత్త, విద్యావేత్త, పార్లమెంటు సభ్యుడు. నక్షత్రాల ఉష్ణోగ్రతకు, వాటి వర్ణపటాలకు మధ్యగల సంబంధాన్ని తెలిపే అయనీకరణ సమీకరణాన్ని 1920లో ప్రతిపాదించాడు. ఇది సాహా సమీకరణం అనే పేరుతో ప్రసిద్ధి చెందింది. నక్షత్రాలను ఏయే తరగతులుగా విభజించాలో అంతకు ముందే ఖగోళ శాస్త్రజ్ఞులు నిర్ణయించినా, ఆ విభజనకు మూలకారణం ఏమిటో భౌతికశాస్త్ర పరంగా లెక్కగట్టి చూపినవాడు సాహా. దూరదర్శిని గాని, చెప్పుకోదగిన ప్రయోగశాల గాని లేకుండా కలకత్తాలో పాఠాలు చెప్పుకుంటూ ఈ ఫలితాన్ని సాధించడం విశేషం.

బాల్యం

సాహా అప్పటి బెంగాల్ రాష్ట్రంలో ఢాకా సమీపాన గల శేవరాతలి గ్రామంలో జన్మించాడు. ఈ ప్రాంతం ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. తండ్రి జగన్నాథ్ సాహా చిన్న కిరాణా దుకాణం నడిపేవాడు. తల్లి భువనేశ్వరీ దేవి. ఎనిమిది మంది సంతానంలో ఈయన ఐదవవాడు. ఉరుములతో కూడిన గాలివాన రాత్రి పుట్టినందున మేఘాలకు అధిపతియైన ఇంద్రుని తలచి మేఘనాథ్ అని పేరు పెట్టారని, తరువాత ఆయన దానిని మేఘనాద్ అని మార్చుకున్నాడని చెబుతారు. మేఘనాదుడు అనగా రామాయణంలోని ఇంద్రజిత్తు.

నాలుగు అక్షరాలు రాగానే పిల్లవాడిని దుకాణంలో కూర్చోబెట్టాలన్నది తండ్రి ఆలోచన. ఊళ్ళో ప్రాథమిక పాఠశాల తప్ప పైచదువుకు అవకాశం లేదు. సుమారు 10 కిలోమీటర్ల దూరంలోని సిములియా గ్రామంలో మాధ్యమిక పాఠశాల ఉండేది. అన్న జయనాథ్ పూనుకొని, ఆ ఊళ్ళోని అనంతకుమార్ దాస్ అనే వైద్యుని ఇంట తమ్మునికి భోజన వసతి కుదిర్చాడు. తన కంచం తానే కడుక్కోవడం, ఇంట్లోని ఆవు పనులు చూడడం అందుకు ప్రతిఫలం. మాధ్యమిక పరీక్షలో ఢాకా జిల్లా మొత్తానికి ప్రథముడుగా నిలిచి నెలకు 4 రూపాయల విద్యార్థి వేతనం సంపాదించాడు.

1905లో ఢాకా కాలేజియేట్ పాఠశాలలో చేరాడు. జనపనార మిల్లులో నెలకు 20 రూపాయల జీతంపై పనిచేస్తున్న అన్న అందులో 5 రూపాయలు పంపేవాడు. వైశ్య సమితి ఒకటి నెలకు 2 రూపాయలు ఇచ్చేది. అదే సంవత్సరం బెంగాల్ విభజన జరిగింది. గవర్నరు బామ్‌ఫైల్డ్ ఫుల్లర్ పాఠశాలకు వచ్చిన సందర్భంలో నిరసన తెలిపిన విద్యార్థులను బహిష్కరించారు. వారిలో సాహా ఒకడు. చదువుతో పాటు విద్యార్థి వేతనం కూడా పోయింది. కిశోరీలాల్ జూబిలీ పాఠశాల ఆయనను చేర్చుకొంది. అక్కడి నుండి 1909లో ప్రవేశ పరీక్ష రాసి తూర్పు బెంగాల్ విద్యార్థులలో ప్రథమ స్థానం పొందాడు.

ఉన్నత విద్య

ఢాకా కళాశాలలో ఇంటర్మీడియట్ చదువుతున్నప్పుడు సాహా జర్మన్ భాషను అదనపు పాఠ్యాంశంగా తీసుకున్నాడు. ఈ నిర్ణయం తరువాత ఎంతో మేలు చేసింది. 1911లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో చేరాడు. జగదీశ్ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రాయ్ అక్కడ ఆయన గురువులు. సత్యేంద్రనాథ్ బోస్ సహాధ్యాయి. ప్రశాంత చంద్ర మహలనోబిస్ ఒక సంవత్సరం ముందు తరగతిలో ఉండేవాడు. 1913లో గణితం ప్రధానంగా బి.ఎస్సీ., 1915లో అనువర్తిత గణితంలో ఎం.ఎస్సీ. పట్టాలు పొందాడు. రెండింటిలోనూ సత్యేంద్రనాథ్ బోస్ ప్రథముడు కాగా సాహా ద్వితీయుడు.

ఆయన నివసించిన ఈడెన్ హిందూ వసతిగృహంలో కులభేదం తీవ్రంగా ఉండేది. కొందరు అగ్రవర్ణ విద్యార్థులు ఆయనతో కలిసి ఒకే గదిలో భోజనం చేయడానికి అభ్యంతరం చెప్పారు. సరస్వతీ పూజ సమయంలోనూ ఆయనకు అవమానం ఎదురైంది. ఈ అనుభవాలు జీవితాంతం ఆయన ఆలోచనలను ప్రభావితం చేశాయి. చదువు ముగిశాక ప్రభుత్వ ఆర్థికశాఖ ఉద్యోగ పరీక్షకు దరఖాస్తు చేయగా, విప్లవకారులతో సంబంధాలున్నాయనే అనుమానంతో అనుమతి నిరాకరించారు. ఆ ఉద్యోగం లభించి ఉంటే సాహా సమీకరణం వేరొకరి పేరున వెలువడి ఉండేదేమో.

1916లో సర్ అశుతోష్ ముఖర్జీ యువకులైన సాహాను, బోస్‌ను కలకత్తా విశ్వవిద్యాలయ సైన్సు కళాశాలలో అధ్యాపకులుగా నియమించాడు. మొదట గణిత విభాగంలో చేరిన సాహా, కొద్ది కాలానికే భౌతికశాస్త్ర విభాగానికి మారాడు. తాను కళాశాలలో ప్రధానంగా అభ్యసించని ఉష్ణగతిక శాస్త్రాన్ని, వర్ణపట శాస్త్రాన్ని అక్కడ బోధించవలసి వచ్చింది. ముందు తాను నేర్చుకొని తరువాత విద్యార్థులకు చెప్పేవాడు. జర్మన్ తెలిసినందున ప్లాంక్, నెర్న్‌స్ట్ మొదలైనవారి రచనలను మూలంలోనే చదవగలిగాడు. బోస్‌తో కలిసి ఐన్‌స్టీన్, మింకోవ్‌స్కీల సాపేక్షతా వ్యాసాలను ఆంగ్లంలోకి అనువదించాడు. మహలనోబిస్ పీఠికతో ఆ గ్రంథాన్ని కలకత్తా విశ్వవిద్యాలయం 1920లో ప్రచురించింది. 1918లో సాహాకు రాధారాణితో వివాహం జరిగింది.

నక్షత్ర వర్ణపటాల సమస్య

నక్షత్రపు వెలుగును పట్టకం గుండా పంపితే ఏర్పడే రంగుల పట్టీలో అక్కడక్కడ నల్లని గీతలు కనిపిస్తాయి. వీటిని శోషణ రేఖలు అంటారు. ప్రతి మూలకానికీ ప్రత్యేకమైన రేఖలు ఉంటాయి. అమెరికాలోని హార్వర్డ్ వేధశాలలో పికరింగ్ పర్యవేక్షణలో విలియమినా ఫ్లెమింగ్, ఆంటోనియా మారీ, ఆనీ జంప్ కానన్ మొదలైన మహిళలు వేలాది నక్షత్రాల వర్ణపటాలను పరిశీలించి తరగతులుగా విభజించారు. తొలుత హైడ్రోజన్ రేఖల బలాన్ని బట్టి అక్షర క్రమంలో పేర్లు పెట్టారు. తరువాత కొన్ని తరగతులను తొలగించి, మిగిలినవాటి వరుస మార్చగా ఓ, బి, ఎ, ఎఫ్, జి, కె, ఎం అనే క్రమం మిగిలింది. హెన్రీ డ్రేపర్ పట్టికలో ఈ విధంగా 2,25,000కు పైగా నక్షత్రాలను వర్గీకరించారు.

వరుస చక్కగా కుదిరింది కాని, దాని అర్థం స్పష్టం కాలేదు. లుబ్ధకంలో హైడ్రోజన్ రేఖలు అత్యంత బలంగా ఉంటే, జ్యేష్ఠలో బలహీనంగా ఉండడానికి కారణమేమిటి? లుబ్ధకం హైడ్రోజన్‌తోను, జ్యేష్ఠ లోహాలతోను నిర్మితమైనవా? నీలి నక్షత్రాలు ఎర్రనివాటికంటే వేడిగా ఉంటాయని తెలిసినా, వేడికీ రేఖలకూ గల లంకె ఎవరికీ అంతుచిక్కలేదు.

సూర్యుని విషయంలోనూ ఇటువంటి చిక్కే ఉంది. 1868 ఆగస్టు 18న సంభవించిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ మన గుంటూరు నుండి పరిశీలించి, సూర్యజ్వాలల వర్ణపటంలో ప్రకాశవంతమైన రేఖలను గుర్తించాడు. హీలియం ఆవిష్కరణకు దారితీసిన పరిశీలనలలో అది ఒకటి. ఆ తరువాతి గ్రహణాలలో సూర్యుని వర్ణావరణాన్ని పరిశీలించగా, సాధారణ కాల్షియం రేఖ సుమారు 5,000 కిలోమీటర్ల ఎత్తు వరకే కనిపించగా, ఒక ఎలక్ట్రాన్‌ను కోల్పోయిన కాల్షియం రేఖలు 14,000 కిలోమీటర్ల వరకు కనిపించాయి. పైకి పోయిన కొద్దీ వేడి తగ్గుతుందని అప్పటి భావన. వేడి తగ్గే చోట పరమాణువు మరింతగా విడిపోవడం వింతగా తోచింది.

అయనీకరణ సిద్ధాంతం

1919లో నెర్న్‌స్ట్ శిష్యుడైన ఎగర్ట్, నక్షత్రాల అంతర్భాగంలో పరమాణువులు విడిపోవడాన్ని గురించి జర్మన్ భాషలో ఒక వ్యాసం ప్రచురించాడు. దానిని చదివిన సాహా అందులోని లోపాన్ని గమనించాడు. పరమాణువు నుండి ఎలక్ట్రాన్‌ను విడదీయడానికి కావలసిన శక్తిని ఎగర్ట్ ఊహించి వాడుకున్నాడు. ప్రయోగాల ద్వారా కొలిచిన అయనీకరణ శక్మాలను వాడితే ప్రతి మూలకానికీ ఖచ్చితమైన లెక్క కట్టవచ్చునని సాహా గ్రహించాడు.

ఆయన పరమాణువు అయాన్‌గా మారడాన్ని ఒక రసాయన చర్యగా భావించాడు. కాల్షియం పరమాణువు శక్తిని గ్రహించి అయాన్‌గా, ఎలక్ట్రాన్‌గా విడిపోతుంది. ఆ రెండూ ఢీకొని తిరిగి పరమాణువుగా మారతాయి. ఈ రెండు చర్యలూ సమతాస్థితిలో ఉన్నప్పుడు ఎంత భాగం విడిపోయి ఉంటుందో మూడు విషయాలు నిర్ణయిస్తాయి: ఉష్ణోగ్రత, పీడనం, ఆ మూలకపు అయనీకరణ శక్మం. ఉష్ణోగ్రత పెరిగితే విడిపోవడం పెరుగుతుంది. పీడనం తగ్గితే కూడా పెరుగుతుంది, ఎందుకంటే పలచని వాయువులో విడిపోయిన ఎలక్ట్రాన్‌కు తిరిగి కలవడానికి అయాన్ సులభంగా దొరకదు.

వర్ణావరణపు చిక్కుముడి దీనితో విడిపోయింది. సాహా లెక్క ప్రకారం 6,000 డిగ్రీల కెల్విన్ వద్ద, ఒక వాతావరణ పీడనంలో కాల్షియం పరమాణువులలో 8 శాతం మాత్రమే అయాన్లుగా మారతాయి. పీడనం అందులో పదివేలవ వంతుకు తగ్గితే 99 శాతం మారతాయి. సూర్యుని పైపొరలలో పీడనం అత్యల్పం కనుక అక్కడ అయాన్లే మిగులుతాయి. వర్ణావరణంలో పైకి పోయే కొద్దీ ఉష్ణోగ్రత తిరిగి పెరుగుతుందని, అక్కడ పూర్తి సమతాస్థితి ఉండదని తరువాతి పరిశోధనలలో తేలినా, పీడనం పాత్రను గురించి సాహా చెప్పిన సూత్రం నిలిచింది. ఈ వ్యాసం 1920 అక్టోబరులో ఫిలసాఫికల్ మ్యాగజైన్ అనే ఆంగ్ల పత్రికలో వెలువడింది.

నక్షత్రాల వర్గీకరణకు వివరణ

ఇదే సూత్రాన్ని నక్షత్రాలకు అన్వయించగా హార్వర్డ్ వరుస ఉష్ణోగ్రతల వరుస అని రుజువైంది. ఆ తరగతుల లక్షణాలు, నేడు అంగీకరించిన ఉష్ణోగ్రతలు (కెల్విన్ డిగ్రీలలో) ఇవి:

- ఓ తరగతి: 30,000కు పైన. నీలి రంగు. అయనీకృత హీలియం రేఖలు. ఓరియన్ నడుములోని మూడు చుక్కలలో ఒకటైన ఆల్నిటాక్ ఇందుకు ఉదాహరణ.
- బి తరగతి: 10,000 - 30,000. సాధారణ హీలియం రేఖలు. చిత్ర, మఖ.
- ఎ తరగతి: 7,500 - 10,000. హైడ్రోజన్ రేఖలు అత్యంత బలంగా ఉంటాయి. లుబ్ధకం, అభిజిత్తు, శ్రవణం.
- ఎఫ్ తరగతి: 6,000 - 7,500. అయనీకృత లోహాల రేఖలు. ధ్రువ నక్షత్రం.
- జి తరగతి: 5,200 - 6,000. అయనీకృత కాల్షియం రేఖలు బలంగా ఉంటాయి. సూర్యుడు.
- కె తరగతి: 3,700 - 5,200. సాధారణ లోహాల రేఖలు. స్వాతి, రోహిణి.
- ఎం తరగతి: 3,700 లోపు. ఎర్రని రంగు. టైటానియం ఆక్సైడ్ అణువుల పట్టీలు. ఆర్ద్ర, జ్యేష్ఠ.

హైడ్రోజన్ దృశ్యరేఖలు ఏర్పడాలంటే దాని ఎలక్ట్రాన్ రెండవ శక్తి స్థాయిలో ఉండాలి. జ్యేష్ఠ వంటి చల్లని నక్షత్రాలలో ఆ స్థాయికి చేరినవి బహుస్వల్పం. ఓ తరగతి నక్షత్రాలలో వేడి మితిమీరి ఎలక్ట్రాన్ పూర్తిగా ఊడిపోతుంది. ఈ రెండింటికీ నడుమ, 10,000 డిగ్రీల ప్రాంతంలో రేఖలు శిఖరాన్ని అందుకుంటాయి. అందువల్ల రేఖ బలహీనంగా ఉన్నంత మాత్రాన ఆ మూలకం లేదని అనరాదు. పంచాంగంలో మనం చదువుకునే చిత్ర, స్వాతి, జ్యేష్ఠలు దాదాపు ఒకే రకమైన పదార్థంతో నిర్మితమైనవి. వాటి ఉపరితలాల వేడిలోనే ముఖ్యమైన భేదం ఉంది.

ఐరోపా పర్యటన

నక్షత్ర వర్ణపటాల హార్వర్డ్ వర్గీకరణపై రాసిన వ్యాసానికి సాహాకు 1919లో ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ పారితోషికం లభించింది. దాని సహాయంతో ఇంగ్లండు వెళ్ళి, లండన్ ఇంపీరియల్ కళాశాలలో ఆల్ఫ్రెడ్ ఫౌలర్ ప్రయోగశాలలో సుమారు 5 నెలలు పనిచేశాడు. నక్షత్ర వర్ణపటాలలో ఫౌలర్ నిపుణుడు. ఆయన సూచనలతో, అక్కడ లభించిన కొత్త వివరాలతో తిరగరాసిన వ్యాసాన్ని 1921లో రాయల్ సొసైటీ ప్రచురించింది. అనంతరం బెర్లిన్‌లో నెర్న్‌స్ట్ ప్రయోగశాలలో పనిచేసి, 1921 చివరలో స్వదేశానికి తిరిగి వచ్చాడు.

అయనీకరణ శక్మం తక్కువగా ఉన్న రుబీడియం, సీజియం మూలకాలు సూర్యునిలో దాదాపు పూర్తిగా విడిపోయి ఉంటాయి కనుక వాటి రేఖలు కనిపించవని, చల్లగా ఉండే సూర్యమచ్చలలో వెదకాలని సాహా సూచించాడు. సూర్యమచ్చల వర్ణపటాలు తీయగల సాధనాలు ఆయన వద్ద లేవు. అమెరికాలోని మౌంట్ విల్సన్ వేధశాల అధిపతి హేల్‌కు ఈ విషయం రాశాడు. అక్కడి ఛాయాచిత్రాల సహాయంతో హెన్రీ నోరిస్ రస్సెల్ సూర్యమచ్చలలో రుబీడియం రేఖలను కనుగొన్నాడు.

సిద్ధాంతపు ప్రభావం

రస్సెల్ ఈ సిద్ధాంతాన్ని వేర్వేరు మూలకాల మిశ్రమానికి విస్తరించాడు. 1923లో ఇంగ్లండులో రాల్ఫ్ ఫౌలర్, మిల్న్ దానిని మరింత మెరుగుపరిచి, రేఖ గరిష్ఠ బలానికి చేరే స్థితిని లెక్కించే పద్ధతిని రూపొందించారు. హార్వర్డ్‌లో సిసిలియా పేన్ అనే యువతి ఆ పద్ధతితో అక్కడి వర్ణపటాలను లెక్కగట్టి, 1925లో తన సిద్ధాంత వ్యాసంలో ఒక ఆశ్చర్యకరమైన ఫలితాన్ని ప్రకటించింది. నక్షత్రాలలో హైడ్రోజన్, హీలియం మిగిలిన అన్ని మూలకాల కంటే ఎన్నో రెట్లు అధికంగా ఉన్నాయి. అప్పటి పెద్దలు దీనిని నమ్మలేదు. 1929లో రస్సెల్ స్వయంగా వేరే మార్గంలో అదే నిర్ణయానికి వచ్చి అంగీకరించాడు.

నక్షత్రాల పుట్టుకను గూర్చిన నేటి అవగాహనకు ఇది పునాది. అంతరిక్షంలోని చల్లని, ప్రధానంగా హైడ్రోజన్‌తో కూడిన వాయు మేఘాలు తమ గురుత్వాకర్షణకు తామే కుదించుకుపోయి నక్షత్రాలు ఏర్పడతాయి. కేంద్రంలో హైడ్రోజన్ హీలియంగా మారడం వల్ల అవి ప్రకాశిస్తాయి. పుట్టినప్పటి ద్రవ్యరాశి ఎక్కువైతే నక్షత్రం ఓ, బి తరగతులలోను, తక్కువైతే కె, ఎం తరగతులలోను చేరుతుంది. సూర్యుని వంటి నక్షత్రం దాదాపు 1,000 కోట్ల సంవత్సరాలు ఈ దశలో ఉండగా, ఓ తరగతి నక్షత్రాలు కొన్ని పదుల లక్షల సంవత్సరాలకే ఇంధనాన్ని ముగించుకుంటాయి. అందుకే అవి సాధారణంగా తాము పుట్టిన మేఘాల సమీపంలోనే కనిపిస్తాయి. సాహా చెప్పిన పీడన సూత్రం వల్ల మరొక ప్రయోజనం కూడా కలిగింది. ఒకే ఉష్ణోగ్రత గల రాక్షస నక్షత్రాన్ని, చిన్న నక్షత్రాన్ని వాటి అయాన్ల రేఖల బలాన్ని బట్టి వేరు చేయడం సాధ్యమైంది.

గుర్తింపు

ఈ ఫలితాలను పూర్తిగా అందుకొనే అవకాశం సాహాకు దక్కలేదు. వర్ణావరణపు పరమాణువులను కాంతి పీడనం ఎలా పైకి నెట్టుతుందో వివరిస్తూ ఆయన అంతకు పూర్వమే ఒక దీర్ఘ వ్యాసం రాసి అమెరికా పత్రికకు పంపాడు. దాని ముద్రణ ఖర్చులో కొంత భాగం రచయిత భరించాలన్నారు. అంత సొమ్ము లేక ఆ వ్యాసాన్ని కలకత్తా విశ్వవిద్యాలయ పత్రికలో ప్రచురించాడు. అది ఎక్కువమంది దృష్టికి రాలేదు. తరువాత ఆ రంగంలో పేరు మిల్న్‌కు వచ్చింది.

1927లో సాహా రాయల్ సొసైటీ సభ్యునిగా ఎన్నికయ్యాడు. 1930 మొదలుకొని పలుమార్లు నోబెల్ బహుమతికి ప్రతిపాదించబడ్డాడు. ఆయన కృషి విలువైనదే అయినా కొత్త ఆవిష్కరణగా పరిగణించలేమని నోబెల్ సంఘం భావించినందున బహుమతి లభించలేదు.

అలహాబాదు, కలకత్తాలలో సేవ

1923 నుండి 1938 వరకు సాహా అలహాబాదు విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యుడు. బోధనా భారం ఎక్కువ, పరికరాలు తక్కువ. అయినా అక్కడ ఒక పరిశోధనా బృందాన్ని తయారు చేశాడు. తరువాతి కాలంలో ప్రసిద్ధుడైన డి.ఎస్. కొఠారి ఆయన శిష్యుడే. బి.ఎన్. శ్రీవాస్తవతో కలిసి రాసిన ఉష్ణశాస్త్ర గ్రంథం ఎన్నో తరాల విద్యార్థులకు పాఠ్యపుస్తకమైంది. భూవాతావరణం అతినీలలోహిత కిరణాలను అడ్డుకుంటున్నందున పై వాతావరణంలోకి పరికరాలను పంపి సూర్యుని పరిశీలించాలని 1937లోనే హార్వర్డ్ వేధశాల పత్రికలో ప్రతిపాదించాడు. రెండవ ప్రపంచ యుద్ధానంతరం రాకెట్ల ద్వారా అది సాధ్యమైంది.

1935లో సైన్స్ అండ్ కల్చర్ పత్రికను స్థాపించాడు. 1938లో కలకత్తాకు తిరిగి వచ్చి పాలిత్ ఆచార్యుడుగా పరమాణు కేంద్రక శాస్త్రంపై దృష్టి సారించాడు. సైక్లోట్రాన్ నిర్మించడానికి పూనుకోగా, యుద్ధ సమయంలో కొన్ని భాగాలు తెస్తున్న ఓడ మునిగిపోయింది. అయినా పట్టు వదలలేదు. ఆయన నెలకొల్పిన కేంద్రక భౌతికశాస్త్ర సంస్థను 1950 జనవరి 11న ఐరీన్ జోలియో క్యూరీ ప్రారంభించింది. ఆయన మరణానంతరం దీనికి సాహా సంస్థగా పేరు వచ్చింది.

ప్రజా జీవితం

చిన్ననాట వరదలు, పేదరికం చూసిన సాహా, విజ్ఞానం ప్రజల కష్టాలు తీర్చాలని విశ్వసించాడు. నదీ నియంత్రణపై విరివిగా రాశాడు. 1943 దామోదర్ వరదల అనంతరం ఆయన చేసిన సూచనలు దామోదర్ లోయ పథకానికి తోడ్పడ్డాయి. 1938లో ఏర్పడిన జాతీయ ప్రణాళికా సంఘంలోను, 1948లో సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా సంఘంలోను సభ్యుడు. 1952లో వామపక్షాల మద్దతుతో కలకత్తా వాయవ్య నియోజకవర్గం నుండి లోక్‌సభకు ఎన్నికై, అణుశక్తి, పరిశ్రమలు, విద్య, శరణార్థుల సమస్యలపై ప్రభుత్వాన్ని నిలదీశాడు.

పంచాంగ సంస్కరణ

1952లో ప్రభుత్వం నియమించిన పంచాంగ సంస్కరణ సంఘానికి సాహా అధ్యక్షుడు. దేశంలో అప్పుడు సుమారు 30 రకాల పంచాంగాలు వాడుకలో ఉండేవి. ఉత్తరాయణం వాస్తవానికి డిసెంబరు 22 ప్రాంతంలో ప్రారంభమైనా, మకర సంక్రాంతి జనవరి 14న వస్తుంది. విషువచ్చలనం వల్ల శతాబ్దాలుగా పేరుకున్న 23 రోజుల తేడా ఇది. ఋతువులతో కలిసి నడిచే ఏకరూప పంచాంగాన్ని సంఘం 1955లో సిఫారసు చేసింది. దాని ఆధారంగా 1957 మార్చి 22న, అనగా శక సంవత్సరం 1879 చైత్రం 1న, జాతీయ పంచాంగం అమలులోకి వచ్చింది. పండుగల విషయంలో ప్రజలు మాత్రం పాత పంచాంగాలనే అనుసరిస్తున్నారు.

మరణం, స్మృతి

జాతీయ పంచాంగం అమలును చూడకుండానే, 1956 ఫిబ్రవరి 16న ఢిల్లీలో ప్రణాళికా సంఘ కార్యాలయానికి నడిచి వెళ్తూ గుండెపోటుతో సాహా మరణించాడు. మరుసటి రోజు కలకత్తాలో అంత్యక్రియలు జరిగాయి. ఆయనకు కుమారులు, కుమార్తెలు ఉండేవారు. 1993లో శతజయంతి సందర్భంగా భారత తపాలా శాఖ స్మారక బిళ్ళను విడుదల చేసింది. చంద్రుని అవతలి వైపున ఒక బిలానికి ఆయన పేరు పెట్టారు. నక్షత్రాల వర్ణపటాలను విశ్లేషించే లెక్కలలో సాహా సమీకరణం నేటికీ ఉపయోగపడుతూనే ఉంది.